మూడు గంటల ఆరు నిమిషాలు

అల్మా రేడియో టెలిస్కోప్‌లో టైమ్ కోసం మొదటిసారి ప్రపోజల్ పెట్టినప్పుడు నేను తొమ్మిది గంటలు అడిగాను. నక్షత్రాలు పుట్టే లూపస్ అనే ధూళి, వాయు మేఘాల్లో పన్నెండు పసి నక్షత్రాలు ఎంచుకుని, ఒక్కోదానికి ముప్పావు గంట చొప్పున వేసుకున్నాను. లెక్క అంతే. అప్పుడు నేను పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. ఆ నక్షత్రాల చుట్టూ గ్రహాలు పుట్టే ధూళి పళ్లేలున్నాయి, వాటిని ఇంకా స్పష్టంగా చూస్తే కొత్త విషయాలు తెలుస్తాయి అంటూ నాలుగు పేజీలు నింపాను. ఆ ప్రపోజల్ పోయింది. అది ఎందుకు పోయిందో, తర్వాతి ఏడాది మూడు గంటల ఆరు నిమిషాలు ఎలా వచ్చాయో, వచ్చిన టైమ్ చేతికందేసరికి ఏమైందో రాద్దామని కూర్చున్నాను. కొత్తగా పెట్టబోయే జూనియర్లు అడుగుతూనే ఉంటారు. ఫోన్‌లో చెప్తే ప్రతిసారీ సగం మర్చిపోతున్నాను.

చిలీ ఉత్తరాన, అటకామా ఎడారిలో, 5000 మీటర్ల ఎత్తున ఉన్న చాహ్నంటోర్ పీఠభూమి మీద ఉంది అల్మా. మొత్తం 66 యాంటెన్నాలు: 54 పన్నెండు మీటర్లవి, 12 ఏడు మీటర్లవి. గాల్లో తేమ మిల్లీమీటర్ తరంగాల్ని మింగేస్తుంది కాబట్టే అంత ఎత్తుకి, అంత పొడి నేలకి వెళ్లారు. యూరప్, ఉత్తర అమెరికా, తూర్పు ఆసియా కలిసి చిలీ సహకారంతో నడుపుతాయి. టైమ్‌లో చిలీకి 10 శాతం, తూర్పు ఆసియాకి 22.5, మిగతా ఇద్దరికీ చెరో 33.75. ఈ వాటాల్లో లేని దేశాల వాళ్లూ అడగొచ్చు, మేం అడిగింది అలాగే. పెద్ద యాంటెన్నాలకు ఏడాదికి దాదాపు 4300 గంటలు దొరుకుతాయి. ప్రపోజల్స్ 1600 దాటి వస్తాయి. అందరూ నాలాగే తొమ్మిదేసి గంటలు అడిగితే 14,400 గంటలు కావాలి. ఈ గుణకారం ప్రపోజల్ రాసే ముందు చేసి ఉండాల్సింది. నేను పోయాక చేశాను.

నిజానికి పోయిందన్న మెయిల్ ఆగస్టులో వచ్చింది గానీ, అది పోతుందని నాకు జూన్‌లోనే తెలిసిపోయింది. ఎలాగో చెప్తాను.

2021 నుంచి అల్మాలో ఒక పద్ధతి ఉంది. మొదట చిన్న ప్రపోజల్స్‌కి పెట్టారు, తర్వాత భారీ ప్రాజెక్టులు తప్ప అన్నిటికీ వర్తింపజేశారు. ప్రపోజల్ పెట్టిన ప్రతి బృందం నుంచీ ఒకరు, వేరేవాళ్లవి పది చదివి, ఒకటి నుంచి పది దాకా ర్యాంకులివ్వాలి. రెండిటికి ఒకే ర్యాంకు కుదరదు. ఒక్కోదానికీ కామెంట్ రాయాలి. గడువులోగా ఇవ్వకపోతే మన ప్రపోజల్ కొట్టేస్తారు. పీహెచ్‌డీ పూర్తికాని వాళ్లయితే పక్కన మెంటర్ ఉండాలి. నాకు మా గైడ్ మేడమ్ ఉన్నారు.

ఆ పదింట్లో ఏముందో బయట చెప్పకూడదు, చెప్పను. చదువుతుంటే నాకేమైందో చెప్తాను. నోట్‌బుక్‌లో ఒక పేజీ మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకుని, ఒక్కోటి చదవగానే ఎదురుగా ఒక్క వాక్యం రాయాలనుకున్నాను: వీళ్లు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు? మొదటిదానికి గబగబా రాసేశాను. రెండోదానికీ అంతే. మూడోది రెండుసార్లు చదివినా పెన్ను కదల్లేదు. భాష బాగుంది, బొమ్మలు బాగున్నాయి, ఆ రంగంలో జరిగిన పనంతా వరసగా ఉంది. చూస్తే ఏం తేలుతుందో మాత్రం లేదు. పది పూర్తయ్యేసరికి నా పేజీలో మూడు ఖాళీలు మిగిలాయి. ఆ మూడే నా లిస్టులో చివరికి వెళ్లాయి. అప్పుడు, ఎందుకు అనిపించిందో తెలియదు, కింద పదకొండు అని వేసి నా ప్రపోజల్‌కి వాక్యం రాయబోయాను. రాలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నాలుగో ర్యాంకు దేనికి, ఐదో ర్యాంకు దేనికి అన్నది తేల్చడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. రెండూ మంచివే. టైమ్ దక్కడం, దక్కకపోవడం అక్కడే తేలుతుందేమో అని భయం. మేడమ్‌ని అడిగితే ఆవిడ నేరుగా జవాబివ్వలేదు. “రాసినవాళ్లు ఎవరో నీకు తెలిసుంటే ఇంతసేపు ఆలోచించేవాడివా?” అన్నారు. రాసినవాళ్ల పేర్లు మాకు కనిపించవు, మా పేర్లు వాళ్లకి కనిపించవు. పేరు తీసేస్తే పేజీ మీదున్నదే మిగులుతుంది. పెద్ద పేర్ల మధ్య మనదెవరు చూస్తారన్న బెంగ నాకు ఆ రోజుతో పోయింది, దాని బదులు పేజీ మీద ఏముందన్న బెంగ పట్టుకుంది. రెండో దశలో, అవే ప్రపోజల్స్‌కి మిగతా రివ్యూయర్లు రాసిన కామెంట్లు చూపిస్తారు. కావాలంటే ర్యాంకులు మార్చుకోవచ్చు. నేను బాగా పైన పెట్టిన ఒకదాంట్లో నా కంటపడని లెక్క తప్పు ఇంకొకరు పట్టుకున్నారు. మార్చాను.

ఆగస్టులో నా ప్రపోజల్‌కి వచ్చిన కామెంట్లలో ఒకటి ఇప్పటికీ కంఠతా వచ్చు. “ఈ పన్నెండే ఎందుకు? నాలుగు చాలవా?” అని. అందులో కటువు ఏమీ లేదు. నేనూ ఆ మాటే రాసేవాణ్ణి.

తర్వాతి ఏడాది ప్రపోజల్స్ పిలుపు రాకముందే, జనవరిలో, ఒక్క వాక్యంతో మొదలుపెట్టాను. పన్నెండింట్లో పదకొండు వదిలేశాను. మిగిలిన ఒక్క నక్షత్రం చుట్టూ ఉన్న ధూళి పళ్లెంలో ఒక ఖాళీ వలయం ఉన్నట్టు పాత చిత్రాల్లో మసకగా కనబడుతుంది. ఆ ఖాళీలో వాయువు కూడా తగ్గిందా, ధూళి ఒక్కటే తగ్గిందా? ఇదీ ప్రశ్న. అక్కడ ఒక గ్రహం పెరుగుతూ చుట్టూ ఉన్నదాన్ని ఊడ్చేస్తుంటే వాయువు కూడా తగ్గాలి. ధూళి తనంతట తాను పక్కకి పోగుపడి ఉంటే వాయువు అలాగే ఉండాలి. కార్బన్-13 ఉన్న కార్బన్ మోనాక్సైడ్ 220.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చే రేడియో కాంతిని (దాన్నే రేఖ అంటాం) చూస్తే ఈ రెండిట్లో ఏదో చెప్పొచ్చు.

అక్కడి నుంచి ప్రతి అంకెకీ ఒక కారణం దొరుకుతూ వచ్చింది. ఖాళీ వెడల్పు, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి సుమారు ఇరవై రెట్లు. నక్షత్రం దాదాపు 520 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే 0.09 ఆర్క్‌సెకండ్ల (ఒక ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) రెజల్యూషన్ కావాలి, అంత సన్నటి వివరం విడివిడిగా కనబడాలి. యాంటెన్నాలు ఎంత దూరంగా ఉంటే అంత సన్నటి వివరం కనబడుతుంది. అంటే యాంటెన్నాల మధ్య గరిష్ఠంగా మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉండే సీ-7 అనే అమరిక కావాలి. కానీ యాంటెన్నాలు అంత దూరంగా ఉన్నప్పుడు, గోడకి ముక్కు ఆనించి గీతలు చూసేవాడికి గోడ ఎంత పొడవో తెలియనట్టు, పెద్దగా పరుచుకున్న వాయువు లెక్కలోంచి జారిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి యాంటెన్నాలు దగ్గరగా ఉండే సీ-4లో ఇంకోసారి చూడాలి. మొదటి ఏడాది ఈ రెండో సంగతి నాకు తట్టనే లేదు.

టైమ్ లెక్క దగ్గర మేడమ్ నాతో రెండు సాయంత్రాలు కూర్చున్నారు. సిగ్నల్‌తో పాటు కలిసొచ్చే అడ్డదిడ్డపు గోలని నాయిస్ అంటాం. “నాయిస్ సగానికి తగ్గాలంటే టైమ్ నాలుగింతలు కావాలి. ఎక్కడ ఆగితే నీ ప్రశ్నకి జవాబొస్తుందో అక్కడ ఆగు” అన్నారు. నేను ఊరికే ఉంటుందని కాస్త ఎక్కువ వేసుకున్నాను. ఆవిడ ఆ ‘కాస్త’కి కారణం అడిగారు. చెప్పలేకపోయాను, తీసేశాను. అల్మా వాళ్ల అబ్జర్వింగ్ టూల్‌లో ఇవన్నీ ఎక్కిస్తే, కాలిబ్రేటర్లు, అంటే కొలతల్ని సరిచూసుకోవడానికి వాడే వస్తువులు, చూసే టైమ్ కూడా కలిపి చూపిస్తుంది. దూరపు అమరికలో గాలి వల్ల వచ్చే తేడాల్ని సరిచేయడానికి నిమిషం నిమిషానికీ ఆకాశంలో పక్కనున్న క్వేసార్ (చాలా దూరాన చుక్కలా వెలిగే గెలాక్సీ కేంద్రం) వైపు తిరిగి రావాలి కాబట్టి, 75 నిమిషాలు ఇస్తే నా నక్షత్రం మీద నిలిచేది సగం కంటే కొంచెం ఎక్కువ. అలాంటివి రెండు విడతలు, దగ్గరి అమరికలో 36 నిమిషాలు. మొత్తం మూడు గంటల ఆరు నిమిషాలు.

పేర్లు దాచే పని నేననుకున్నంత తేలిక కాదు. ‘మేం గతంలో చూపినట్టు’ అన్న మాటలన్నీ వెతికి, మా పాత పేపర్‌ని కూడా పరాయివాళ్ల పేపర్‌లా ప్రస్తావించాలి. అన్నీ అయ్యాయనుకుంటుంటే ల్యాబ్‌లో సీనియర్ అన్నయ్య ఫైల్ తెరిచి, “తమ్ముడూ, పేజీల్లో పేరు తీసేశావు సరే, ఫైల్ ప్రాపర్టీస్‌లో నీ పేరు అలాగే ఉంది చూడు” అన్నాడు. గడువు 15:00 యూటీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మన టైమ్‌లో రాత్రి 8:30. గడువు దాకా ఎన్నిసార్లయినా మార్చి పంపొచ్చు కాబట్టి ముందురోజే ఒకసారి సబ్మిట్ చేసి పెట్టుకోండి. నేను అలా చేశాను గనకే చివరి గంటలో టెన్షన్ లేకుండా ఒక బొమ్మ మార్చగలిగాను. మళ్లీ పది ప్రపోజల్స్ చదివాను, ఈసారి మెంటర్ పని తక్కువే పడింది.

ఆగస్టు మెయిల్‌లో గ్రేడ్ బి అని ఉంది. గ్రేడ్ ఎ అయితే ఈ సైకిల్‌లో (అల్మా పరిశీలనల ఏడాదిలో) పూర్తికాకపోయినా వచ్చే సైకిల్‌కి తీసుకెళ్తారు. బి అయితే అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకా ఉన్న ఆ ఏడాదిలోనే అవ్వాలి, కాకపోతే అంతే. సి అయితే మిగతావి కుదరని ఖాళీల్లో వేస్తారు. ఇంట్లో చెప్పినప్పుడు టైమ్ వచ్చిందనే చెప్పాను. టైమ్ రావడం వేరు, చూడటం వేరు అని వివరించలేకపోయాను.

ఇక్కడ తేదీ, గంట అంటూ ఏమీ ఇవ్వరు. మన ప్రాజెక్టుని షెడ్యూలింగ్ బ్లాకులుగా విడగొట్టి వరసలో పెడతారు. 2900 మీటర్ల ఎత్తున ఉన్న కేంద్రంలో డ్యూటీలో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త, ఆ క్షణానికి గాల్లో తేమ ఎంతుంది, యాంటెన్నాలు ఏ అమరికలో ఉన్నాయి, ఆకాశంలో ఏ భాగం పైనుంది, ఎవరి ర్యాంకు ఎంత, ఎవరి వాటా ఎంత వాడారు అన్నీ చూసి తర్వాతి బ్లాక్ ఎంచుకుంటారు. మనం చేయగలిగింది ముందే చేసుకోవాలి: ఆకాశంలో నక్షత్రం స్థానం, దాని వేగం, స్పెక్ట్రల్ విండోలు (ఏ ఫ్రీక్వెన్సీలు చూడాలో ఆ పట్టీలు) ఇంకోసారి సరిచూసుకోవడం. తర్వాత స్నూపీ అనే వెబ్ పేజీలో స్టేటస్ చూసుకుంటూ ఉండటమే. నేను రోజూ పొద్దున లేవగానే చూసేవాణ్ణి.

ఆ నెలల్లో నా ఆలోచన ఎప్పుడూ ఆ రెండు బండ్ల మీదే ఉండేది. ఓటో, లోర్ అని వాటికి పేర్లు. దాదాపు వంద టన్నుల యాంటెన్నాని ఎత్తుకుని ఒక పునాది మీంచి ఇంకో పునాది మీదికి నెమ్మదిగా మోసుకెళ్తాయి. వాటి నడకని బట్టే సీ-4 ఎప్పుడొస్తుంది, సీ-7 ఎప్పుడొస్తుందన్నది. ఫిబ్రవరిలో పీఠభూమి మీద వానలూ మంచూ ఎక్కువ కాబట్టి ఏటా ఆ నెల పరిశీలనలు ఆపేస్తారు. మార్చిలో, అక్కడ తెల్లవారే ముందు, నా 36 నిమిషాలు జరిగిపోయాయి. క్వాలిటీ చెక్‌లో పాస్.

జూన్‌లో సీ-7 మొదటి విడత. స్టేటస్‌లో ‘సెమీపాస్’ అని వచ్చింది. అంటే డేటా ఉంది, లెక్కలోకి రాదు. హెల్ప్‌డెస్క్‌లో అడిగి తెప్పించుకుని చూశాను. దగ్గరగా ఉన్న యాంటెన్నా జతల్లో ఫేజ్, అంటే రెండిటికీ తరంగం చేరడంలో ఉండే తేడా, పర్వాలేదు. దూరపు జతల గ్రాఫ్ తెరిచేసరికి పేజీ అంతా ఆవాలు చల్లినట్టుంది. ఒక చుక్కకీ పక్క చుక్కకీ సంబంధం లేదు. ఆ రాత్రి గాలి అలా ఉంది, ఎవరూ ఏమీ చేయలేరు. సరిచేద్దామని రెండు వారాలు కుస్తీ పట్టి వదిలేశాను. జులైలో ఆ మొదటి విడతే మళ్లీ నడిచింది. ఈసారి అవే జతల్లో చుక్కలు దారం లాగి కట్టినట్టు వరసగా ఉన్నాయి. ఆ ప్లాట్ చూసి మేడమ్‌కి ఫోన్ చేశాను, అర్ధరాత్రి అని కూడా చూసుకోలేదు.

రెండో విడత రాలేదు. మంచు పడింది, పెనుగాలులు వీచాయి, ఆ తర్వాత యాంటెన్నాలు ఇంకో అమరికకి వెళ్లిపోయాయి. సెప్టెంబరు 30 దాటాక, ఉన్నంతవరకు ప్రాసెస్ చేసి డేటా ఇచ్చారు. సీ-7లో సగం టైమే దొరికింది కాబట్టి నాయిస్ అనుకున్నదానికి 1.4 రెట్లు. ధూళి ఖాళీ మాత్రం కత్తితో గీసినట్టు స్పష్టంగా వచ్చింది. వాయువు రేఖలో, సరిగ్గా అదే దూరంలో, ఒక పల్లం ఉంది. వలయం చుట్టూ సగటు తీస్తే కనబడుతుంది. ఉందని నా మనసు చెప్తోంది. ఉందని రాయడానికి ఆ నాయిస్ ఒప్పుకోదు.

డేటా నా చేతికొచ్చిన రోజు నుంచి 12 నెలలు నాది, ఆ తర్వాత ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. అందుకని ధూళి ఫలితం పేపర్‌గా రాస్తూనే ఏప్రిల్ గడువుకి మళ్లీ ప్రపోజల్ పెట్టాను. అదే నక్షత్రం, అదే ప్రశ్న. ఇదివరకు మసక చిత్రం ఉన్నచోట ఇప్పుడు ఆ పల్లం గ్రాఫ్ పెట్టాను, ఎర్ర గీతతో నాయిస్ ఎంతుందో, ఇంకో విడత కలిపితే ఎంతకు దిగుతుందో చూపించాను. ఈసారి అడిగింది 75 నిమిషాలు.