బారింగ్ గేర్ మీద

మొదట చెప్పు జారిపోయింది. ఉదయం నడకకు బయల్దేరి వీధి మలుపు తిరిగేసరికి కుడికాలి చెప్పు వెనకాల పడి ఉంది. కాలికి తెలియనే లేదు. వెనక్కి వెళ్లి తొడుక్కున్నాను, పదడుగుల్లో మళ్లీ జారింది. పాతదైపోయిందనుకున్నాను. సాయంత్రానికి దూది మీద నడుస్తున్నట్టు రెండు అరికాళ్లూ తిమ్మిరెక్కాయి. మర్నాడు మెట్టెక్కబోతే మోకాలు మడతపడింది. మూడోరోజు చేతులు ఆనిస్తే తప్ప కుర్చీలోంచి లేవలేకపోయాను, ఆ రాత్రికి చేతులూ సాయం మానేశాయి. రెండు వారాల కిందట విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో తగ్గాయి. దానికీ దీనికీ ముడి ఉందని ఎవరనుకుంటారు?

మొదట చూపించుకున్నచోట విటమిన్లు తగ్గాయని, 63 ఏళ్లొచ్చాయి కదా అని చెప్పి పంపేశారు. రెండోచోట మా అమ్మాయి వయసుండే న్యూరాలజిస్టు రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టింది. కాలు ఎగరలేదు. మళ్లీ కొట్టింది. ఊహూ. సుత్తి కోటు జేబులో పెట్టుకుని, "ఇంటికి వెళ్లకండి సార్, ఇటునుంచి ఇటే ఐసీయూ" అంది.

జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్. 1916లో ఇద్దరు ఫ్రెంచి సైనికుల్లో దీన్ని చూసి రాసిన డాక్టర్లు ముగ్గురు: గులియన్, బారీ, స్ట్రోల్. వాడుకలో మూడో ఆయన పేరు రాలిపోయింది. (34 ఏళ్లు ప్రాజెక్టుల్లో బతికినవాణ్ణి, నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.) క్రిమిని తరమడానికి ఒంట్లో తయారైన రక్షణ వ్యవస్థ పొరబడి నరాల మీదికి తిరుగుతుంది, వాటి మీది మైలిన్ పొరను ఒలిచేస్తుంది. నాకు వెంటనే అర్థమైంది. తీగ ఉంది, ఇన్సులేషన్ పోయింది.

నేను ఆవిరి టర్బైన్ల మనిషిని. ట్రైనీగా చేరి, ఇంజనీరింగ్ డైరెక్టరుగా దిగిపోయాను. చివరి పదేళ్లు సంతకాలూ సమావేశాలే, వాటి గురించి చెప్పుకోడానికేమీ లేదు. అంతకుముందు ఇరవై ఏళ్లు మాత్రం కమిషనింగ్, అంటే కరెంటు తయారుచేసే కొత్త యూనిట్లను మొదటిసారి నడిపించడం. యూనిట్ ఎక్కడ లేస్తే అక్కడ ఉండేవాణ్ణి, ఇంట్లో తప్ప.

ఐసీయూలో నాలుగు గంటలకోసారి నా చేత ఒక గొట్టంలోకి ఊదించేవారు. గుండెల నిండా పీల్చి మొత్తం వదిలితే ఎన్ని మిల్లీలీటర్లో చూస్తారు. నా బరువు 70 కిలోలు. కిలోకి 20 చొప్పున 1,400 దగ్గర గీత. దాని కిందికి దిగితే వెంటిలేటర్. 2,100 వచ్చింది, తర్వాత 1,750. మధ్యలో ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. పొద్దున 22 దాకా వెళ్లినవాణ్ణి రాత్రికి 11 దగ్గర ఆగిపోయాను. రీడింగ్ 1,350. "ఆక్సిజన్ 97 ఉందిగా, ఇంకాస్త చూడొచ్చుగా" అని మా అబ్బాయి బతిమాలుతున్నాడు. వాడికి నేనే చెప్పాను, ఆయాసపడుతూ: "అది చివర్న పడుతుందిరా. అప్పటిదాకా ఆగకూడదు." బేరింగ్ వేడెక్కాక మెషీన్ ఆపిన షిఫ్ట్ ఇంజనీర్లను నేను ఎన్నిసార్లు తిట్టానో. వైబ్రేషన్ ముందే చెబుతూ ఉంటుంది.

వెంటిలేటర్ మీద 19 రోజులు. దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు రోజుకు 28 గ్రాముల చొప్పున 5 రోజులు ఎక్కించారు. మందు ఎక్కితే లేచి కూర్చుంటాననుకున్నాను. దిగజారడం ఆగింది, అంతే.

మెదడు పూర్తిగా మెలకువగా ఉండి కనురెప్ప తప్ప ఏదీ కదలకపోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. మా ఆవిడ అట్ట మీద అక్షరమాల రాసుకొచ్చింది. వేలితో వరుస చూపిస్తే రెప్ప వేయాలి, తర్వాత అక్షరం, ఆ తర్వాత గుణింతం. తెలుగులో ఈ పద్ధతి ఎంత నరకమో అనుభవిస్తే కానీ తెలియదు. ఒత్తులు మొదటిరోజే వదిలేశాం. ఇరవై నిమిషాలు కష్టపడి నేను చెప్పిన మొదటి మాట "పెజరెంత". వెంటిలేటర్ ప్రెజర్ ఎంత పెట్టారని. ఆవిడ అట్ట కింద పెట్టేసి, "ఏమండీ, ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగేది ఇదా?" అంది. నవ్విందో ఏడ్చిందో నా మెడ తిరగలేదు కాబట్టి తెలియలేదు.

రెండు గంటలకోసారి పక్క తిప్పేవారు. ఫిజియోథెరపిస్టు కుర్రాడు వచ్చి ఒక్కో వేలు, మణికట్టు, మోచెయ్యి, మడమ, అన్నీ వంచి చాచేవాడు. నా ప్రమేయం సున్నా. వేడి మీదున్న టర్బైన్‌ను ఆపాక అలా వదిలేయం. వదిలేస్తే రోటర్ (లోపల తిరిగే ఇరుసు) పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి వంగిపోతుంది. అందుకని చల్లారేదాకా చిన్న మోటారుతో నడిచే బారింగ్ గేర్‌తో మెల్లగా తిప్పుతూనే ఉంటాం, గంటలు కాదు, రోజులు. పవర్ పుట్టదు, చూడ్డానికీ ఏమీ ఉండదు. ఆ డ్యూటీ ఎవరికీ నచ్చదు. నేనైతే ఎప్పుడూ జూనియర్లకు తోసేసేవాణ్ణి.

కాళ్ల నుంచి పైకెక్కిన జబ్బు పైనుంచి కిందికి దిగింది. ముందు మెడ, తర్వాత భుజాలు, రెండో నెలకు వేళ్లు. తీగ కూడా దెబ్బతినిపోతే నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుందని చదివి, మోకాలి నుంచి పాదానికి 400 మిల్లీమీటర్లు, 400 రోజులు అని లెక్కవేసి డాక్టరమ్మకు చెప్పాను. "మీది చాలావరకు పైపొర దెబ్బే సార్, అంత పట్టదు. అయినా టేపు పెట్టి కొలవకండి" అంది.

ఇంటికొచ్చాక చూశాను, మా ఆవిడ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఆస్పత్రిలో మొదటిరోజు నుంచీ గీతలు కొట్టి సమయం, రీడింగ్, రిమార్కు అని మూడు గళ్లు. అచ్చం లాగ్ షీట్. ఎప్పుడు నేర్చుకున్నావన్నాను. ఏమీ అనకుండా అల్మారా పైనుంచి పాత పుస్తకాలు దించింది. పిల్లల జ్వరాలు, టీకాలు, మా అమ్మ షుగరు, మొత్తం ఇరవై ఏళ్ల లెక్కలు. నాకు తెలిసిన ఒక తేదీ వెతికి తీశాను. నా మొట్టమొదటి యూనిట్ 3,000 ఆర్పీఎం అందుకుని గ్రిడ్‌తో సింక్రొనైజ్ అయిన, అంటే కరెంటు లైన్లతో కలిసిన రాత్రి. రాత్రి 11, పాపకు 103. 12:30, తడిగుడ్డ, 102. 2:10, 103.4. రిమార్కు గడిలో: "ఆయన ఫోన్ చేశారు. యూనిట్ కలిసిందట. సంతోషం అన్నాను."

జ్వరం సంగతి ఆ ఫోన్‌లో చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు.

ఎడమ పాదానికి ఇంకా స్ప్లింట్ ఉంది. నాలుగింటికల్లా ఒళ్లు అలిసిపోతుంది, ఫ్యూజ్ తీసేసినట్టు. పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. పొద్దునా రాత్రీ ఆవిడ బీపీ నేనే రాస్తాను. నిన్న 146/88. మాత్ర రెండురోజులుగా మరిచిపోయింది, రిమార్కులో రాశాను. వేళ్లకు పట్టు సరిగ్గా రాలేదు కాబట్టి 4 కాస్తా 9లా పడింది. ఆవిడ చూసి, కళ్లజోడు సర్దుకుని, దిద్ది రాసింది.