చచ్చాక కూడా సేద్యమే

ఈజిప్టులోని లక్సర్‌లో, పాతకాలపు రాజుల సమాధులుండే రాజుల లోయ గురించి పెద్దగా చెప్పను. టికెట్‌కి మూడు సమాధులు, టుటన్‌ఖామున్ రాజు సమాధికి మళ్ళీ వేరే టికెట్, లోపల ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడని రద్దీ. విసుగొచ్చి, టాక్సీవాడితో రేటు దగ్గర కీచులాడి మరీ దేర్ ఎల్ మెదీనా వెళ్ళాం. ఆ రాజుల సమాధులు తొలిచి బొమ్మలు వేసిన పనివాళ్ళ ఊరది.

వాళ్ళలో ఒకడైన సెన్నెజెమ్ సమాధి 1886లో దొంగల చెయ్యి పడకుండా దొరికింది. నిటారు మెట్లు దిగి, నడుం వంచి దూరితే చిన్న గది. వయసు 3200 ఏళ్ళు పైనే, అయినా పసుపు రంగు గోడలు పెద్దగా వెలవలేదు.

తూర్పు గోడ మీద వాళ్ళ స్వర్గం, ఇయారు పొలాలు. చుట్టూ కాలవలు. సెన్నెజెమ్ కొడవలితో గోధుమ వెన్నులు కోస్తుంటే భార్య ఇయ్నెఫెర్తి బుట్టలో ఏరుతోంది. అతను దున్నుతుంటే వెనకే గింజలు చల్లుతోంది. ఇద్దరివీ తెల్లటి సన్ననార బట్టలు, ఎక్కడా మట్టి మరక లేదు. "అక్కడ కూడా మొగుడి వెనకే నడవాలా?" అంది మా ఆవిడ.

గోదావరి జిల్లాలో జీవితమంతా మడి దున్నిన మా తాత "పైకెళ్ళాకైనా ఈ కాడి తప్పాలిరా" అనేవాడు. మరి వీళ్ళకి పొలమే స్వర్గం ఎందుకయింది? నాకు తోచింది ఇది: వీళ్ళు రైతులు కారు. సర్కారు కొలిచి ఇచ్చే ధాన్యమే జీతం. సెన్నెజెమ్ తర్వాత వందేళ్ళకి, మూడో రామ్సెస్ రాజు ఏలుబడి 29వ ఏట, ఆ ధాన్యం ఆలస్యమైతే ఈ ఊరివాళ్ళే పని మానేసి గుడుల దగ్గర కూర్చున్నారు. చరిత్రకెక్కిన తొలి సమ్మె అదేనంటారు. ఒకరి కొలత మీద బతికేవాడికి, బార్లీ అయిదు మూరలు పెరుగుతుందని మృతుల గ్రంథం (చచ్చినవాళ్ళకి దారి చూపే వాళ్ళ మంత్రాల పుస్తకం) చెప్పే సొంత చేను కంటే ఏం కావాలి?

అయినా ముందుజాగ్రత్త మానలేదు. అక్కడ పనికి పిలుపొస్తే బదులుగా "నేనున్నా" అనడానికి ఉషబ్తి బొమ్మల్ని పక్కన పెట్టుకున్నారు.

ఇంతలో కాపలావాడు "అనూబిస్! అనూబిస్!" అంటూ మమ్మీ మీదికి వంగిన నక్కతల దేవుణ్ణి చూపించి చెయ్యి చాచాడు. బక్షీష్ ఇచ్చాం, తప్పుతుందా. ఈ గది చెక్క తలుపు మాత్రం ఇక్కడ లేదు, కైరోకి తీసుకెళ్ళిపోయారు. దాని మీద మొగుడూ పెళ్ళాలు తీరిగ్గా సెనెట్ అనే గళ్ళ పలక ఆట ఆడుతుంటారు. తిరుగు ప్రయాణంలో అది చూడాల్సిందేనని మా ఆవిడ పట్టు.