గుంతా, కంప చెట్టా? బనగానపల్లె కొండ మీద ఇంకా తేలని లెక్క

ఈసారి కూడా తేలలా. బనగానపల్లె పక్క కొండ మీద పాత వజ్రాల గుంతలు పైనుంచి తీసిన ఫొటోల్లో పట్టుకుందామని కూర్చుంటే ఆ నల్లచుక్కలు గుంతలో కంప చెట్లో అర్థం కాక తల వాచిపోతాంది.

కరోనా ఫొటోలు (జబ్బు కాదు సామీ, 1960 నుంచి 1972 దాకా అమెరికా వాళ్లు ఉపగ్రహాల నుంచి ఫిల్ము మీద తీసి 1995లో బయటపెట్టినవి) క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో నేల మీదికి బాగా కూర్చున్నాయి. ఫొటోను అట్లా కూర్చోబెట్టడానికి థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే లెక్కే వాడండి, పాలినోమియల్ లెక్క పెడితే చివర్లు సాగిపోతాయి. నాపరాయి గనులు నలుచదరంగా ఉంటాయి కాబట్టి వాటిని ఏరేయడం ఒక పూటలో అయిపోయింది.

అసలు తంటా ఈ చుక్కలే. ఒక్కోటి 4 నుంచి 6 మీటర్లు ఉండాది, కరోనాలో మంచి ఫొటో అంటే 1.8 మీటర్లు, అంటే చుక్క అడ్డంగా రెండు మూడు పిక్సెళ్లే, దాంట్లో ఏం చూస్తాం? ఈడ పాతకాలంలో క్వార్ట్జైట్ అనే గట్టి రాయి కింద, వజ్రాలు దొరికే కంగ్లోమరేట్ (గులకరాళ్లు అతుక్కుపోయిన రాయి) పొర కోసం 15 అడుగుల దాకా నిలువుగా దిగి అక్కడినుంచి అడ్డంగా తొలుచుకుంటా పోయేవాళ్లు. ఇప్పుడు సగం పూడిపోయి 2 మీటర్లు మిగిలుంటుందనుకుందాం. డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదికి మన దగ్గర సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నీడ దాదాపు 3.5 మీటర్లు పడుతుంది, అంటే రెండు పిక్సెళ్లు, సరే కనపడాల. ఏప్రిల్ ఆఖర్లో మిట్టమధ్యాహ్నం తీసిందైతే సూర్యుడు నడినెత్తిన, నీడే ఉండదు, అట్లాంటి ఫొటో చూడటమే దండగ.

పొద్దున ఫొటోలో గుంతకైతే నలుపు సూర్యుడి వైపు గోడ లోపల, అంటే ఆగ్నేయాన పడుతుంది, చెట్టుకైతే బయట వాయవ్యాన. పుస్తకం ప్రకారం ఇంత సులువు. కానీ కంప గుంతలోనే మొలిచి గుబురుగా అంచు దాటి పైకొచ్చిందనుకోండి, లోపల నీడ, బయట నీడ కలిసిపోయి ఒకే ముద్ద. 1877లో మన కడప జిల్లా కమలాపురంలో నాటిన సర్కారు తుమ్మే ఈ కంప, ఈ రోజు నా ప్రాణం తీస్తాంది. పైగా క్వార్ట్జైట్ పలచగా ఉండే అంచు దగ్గరే తవ్వుంటారు కదా అని అంచు వెంబడి చూస్తే కంప కూడా ఆ అంచునే పట్టుకుని బారులు తీరింది.

ఒకటే ఆశ, తవ్విపోసిన మట్టి. కొన్ని చుక్కల చుట్టూ 8, 10 మీటర్ల మేర తెల్లటి అర్ధచంద్రం లాంటి మరక ఉండాది, అదీ పల్లం వైపే. చెట్టు కింద అట్లా రాదు. గొర్రెలు పడుకున్న చోటు కూడా తెల్లగానే ఉంటుంది గానీ అది పల్లం చూసుకుని రాదు కదా! ఇంకోటి, ఫొటోను తలకిందులు చేసి చూడండి. దక్షిణం నుంచి వెలుగు పడితే కంటికి గుంత దిబ్బలా, దిబ్బ గుంతలా కనపడుతుంది, తిప్పితే సరిపోతుంది. 30 మీటర్లకు ఒక ఎత్తు మాత్రమే చూపే మ్యాపులతో మాత్రం ఈ పని కాదు, అందులో కొండే నున్నగా బండలా వస్తుంది.

తర్వాత అర్ధచంద్రం ఉన్నవాటి జీపీఎస్ పాయింట్లు ఫోన్లోకి ఎక్కించి, సంక్రాంతి దాటినాక ఆకు పలచబడితే కొండెక్కాల, ఒక్కడినే కాదు, కంప కప్పేసిన నిలువు గుంతలో కాలు పడితే అంతే. ఈలోపు జొన్నగిరి, తుగ్గలి వైపు కరోనా ఫొటోలు దించుతాండా, ఆడ వానలు పడగానే జనం వజ్రాల కోసం చేలంతా ఎతుకుతారు గానీ అది పైపైన ఏరుకోవడమే, గుంతల కథ వేరే.