అతుకు మీద సంతకం: పాత రష్యా మీద నవ్వించే డిటెక్టివ్ నవల రాసేవాళ్లకు

పాత రష్యా మీద డిటెక్టివ్ నవల అనగానే మంచు, వోడ్కా, గుర్రబ్బండి పెట్టి మధ్యలో ఓ శవాన్ని పడేస్తుంటారు. నెల్లూరు, ఒంగోలు ఇళ్లల్లో అటక మీదున్న సోవియట్ పుస్తకాలు తిరగేస్తే ఆ మాత్రం సరంజామా ఎవరికైనా దొరుకుతుంది. రికార్డులు వెతికే మనిషే డిటెక్టివ్ అయినప్పుడు శవంతో పనేముంది? ఒక్క దొంగ కాగితం చాలు. నవ్వూ ఆధారమూ రెండూ ఆ కాగితంలోంచే పుట్టాలి. జోకులేసే పక్కపాత్రను విడిగా తెచ్చారంటే మూడో అధ్యాయానికే ఆవులింతలు.

కథను 17వ శతాబ్దంలో పెట్టుకోండి, సరుకు ఎక్కువ. అప్పటి మాస్కో సర్కారు కచేరీల్లో కాగితాలను ఒకదాని కింద ఒకటి అంటించి, మీటర్ల కొద్దీ పొడుగు చేసి, చాపలా చుట్టేవాళ్లు. దాన్ని స్తోల్బెట్స్ అంటారు. మధ్యలో ఎవరూ కాగితం మార్చకుండా ‘ద్యాక్’ అనే కచేరీ అధికారి వెనకవైపు అతుకుల మీద తన పేరు ముక్కలు ముక్కలుగా రాసేవాడు. లారియోన్ అయితే ఒక అతుకు మీద ‘లా’, తర్వాతి దాని మీద ‘రి’, ఆ తర్వాత ‘ఓన్’. గీత సగం పై కాగితం మీద, సగం కింది కాగితం మీద పడుతుంది. దొంగ కాగితం ముందువైపు సిరా, రాత అన్నీ కుదిరినా, తిప్పి చూస్తే ‘రి’ కింది సగం ఉండదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. తర్వాతి కాలంలో భద్రం చేసేటప్పుడు చాలా చుట్టల్ని విడదీసి విడి కాగితాలు చేశారు. వరస తప్పినా అక్షరాలు కలవవు. మొదట అనుమానించిన మనిషి నిర్దోషిగా బయటపడటానికి ఇంతకంటే మంచి దారి లేదు.

తేదీల దగ్గర రచయితే బోల్తా పడతాడు. 1700 జనవరి 1 నుంచి జారు, అంటే రష్యా రాజు, పీటర్ లెక్క మార్చేదాకా రష్యాలో సంవత్సరాలు సృష్టి నుంచి లెక్కపెట్టేవాళ్లు, ఏడాది సెప్టెంబరు 1న మొదలయ్యేది. పైగా వేలు వదిలేసి 7180ని ఉత్త ‘180’ అని రాసేవాళ్లు, అదీ అంకెల బదులు అక్షరాలతో. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అయితే 5509 తీసెయ్యాలి, మిగతా నెలలకు 5508. అంటే 180 సెప్టెంబరు మన 1671, 180 మార్చి మన 1672. మార్చిలో చేసిన దొంగతనానికి అదే ఏడు సెప్టెంబరులో ఊళ్లో లేనని సాక్ష్యం తెచ్చేవాడు ఆర్నెల్ల ముందు సంగతి చెబుతున్నట్టు. మనకు ఉగాదికి ఏడు మారుతుంది కాబట్టి తెలుగు పాఠకుడికి ఇది చప్పున ఎక్కుతుంది.

నవ్వుకు అర్జీలు చాలు. ఎంత గొప్ప ప్రభువైనా జారుకు రాసేటప్పుడు ‘నీ బానిస ఇవాష్కా నుదురు నేలకు కొట్టుకుంటున్నాడు’ అనే రాయాలి. ఇవాష్కా అంటే ఇవాన్‌కు చిన్నపేరు. సుబ్బారాయుడు గారు రాజుకు ‘మీ దాసుడు సుబ్బిగాడు’ అని రాసుకున్నట్టన్నమాట. తండ్రి పేరుకు ‘విచ్’ తగిలించుకోవడం అప్పట్లో కొద్దిమందికే దక్కిన గౌరవం. మామూలు గుమాస్తా అర్జీలో ‘ఇవాన్ పెత్రోవిచ్’ అని దర్జాగా ఉంటే అక్కడే పట్టేయొచ్చు. 1968 నాటి ఉత్తరం మీద ‘ప్రకాశం జిల్లా’ అని కనిపిస్తే మనం పట్టెయ్యమూ? ఆ పేరు వచ్చింది 1972లో.

కొలతల్ని మార్చకుండా వాడండి. పూద్ అనే పాత రష్యా తూకం అంటే 16.38 కిలోలు. కావలి లెక్కల మాస్టారు హీరో అయితే, 850 కిలోల నెల్లూరు పుట్టికి దాదాపు 52 పూద్‌లని వేళ్ల మీద చెప్పేస్తాడు.

ఇప్పటి కాలపు భాగానికి ఇంకో వస్తువుంది. రష్యా ఆర్కైవుల్లో ఫైలుకు ఒక వాడకం కాగితం జతచేసి ఉంటుంది. చూసిన ప్రతివాడూ పేరు, తేదీ అందులో రాయాలి. ఈ ఫైలు పేరే వినలేదని మొదటి అధ్యాయంలో బుకాయించిన ప్రొఫెసరు సంతకం, చివరి అధ్యాయంలో అక్కడ కనబడాలి.