జార్జిటౌన్‌లో అయిదడుగుల నీడ

పొద్దున్నే మా విహార ఓడ మలేషియా దీవి పినాంగ్‌లో స్వెటెన్‌హామ్ రేవుకి చేరింది. ఈ రేవులో సుఖమేమిటంటే, గేటు దాటితే జార్జిటౌన్ నడిబొడ్డులోనే ఉంటాం. ఓడవాళ్ళు బస్సులో కొండ మీదికి తీసుకెళ్తామన్నారు. సాయంత్రం అయిదింటికల్లా తిరిగి ఎక్కాలి, అందులో సగం బస్సులోనే పోతే ఇక చూసేదేముంది? నడుద్దామన్నాను. మా ఆయన సరేనన్నారు. వదిన మాత్రం "నన్ను కాదే, నా మోకాళ్ళనడుగు" అంది. అయినా వచ్చింది.

ఎదురుగానే తెల్లటి గడియార స్తంభం. విక్టోరియా రాణి గద్దెనెక్కి అరవై ఏళ్ళు నిండాయని ఒక చైనా కోటీశ్వరుడు ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగులు కట్టించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దగ్గర్లో బాంబులు పడి కాస్త ఒరిగిందట. వదిన మెడ వంచి ఒక కన్ను మూసి చూసి, "అవును, ఒరిగింది" అని ఖరారు చేసింది.

పక్కనే కార్న్‌వాలిస్ కోట. పేరు చూడగానే మా ఆయనలోని రిటైర్డ్ సోషల్ మాస్టారు నిద్రలేచారు. బెంగాల్లో జమీందార్లకు శాశ్వత శిస్తు కట్టబెట్టిన కార్న్‌వాలిసేనట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఈ దీవిలో ఈస్టిండియా కంపెనీ జెండా పాతాడు. అప్పట్లో ఈ దీవి ఏలుతున్న కెదా రాజ్యపు సుల్తాను దీవినివ్వడానికి ఒప్పుకున్నది శత్రువుల నుంచి కాపాడతారన్న ఆశతో. కంపెనీ కాపాడలేదు. 1791లో సుల్తాను తిరిగి తీసుకోబోయి ఓడిపోయాడు. అడవి తొందరగా కొట్టిద్దామని లైట్ ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడని ఒక కథ ఉంది. కూలీలు నాణేల కోసం చెట్లు నరుక్కుంటూ పోయారట. నిజమో కాదో గానీ, కంపెనీ బుద్ధికి సరిగ్గా సరిపోయింది.

పది దాటేసరికి ఎండ, ఉక్క. గొడుగులు ఓడలోనే ఉన్నాయి. కానీ ఈ ఊళ్ళో గొడుగు అక్కర్లేకుండానే చాలా దూరం నడవొచ్చు. పాత కొట్లన్నీ కింద వ్యాపారం, పైన కాపురం. పై అంతస్తు ముందుకొచ్చి స్తంభాల మీద నిలబడుతుంది, దాని కింద అయిదడుగుల నడవ. సింగపూర్‌లో ఇలా కట్టి తీరాలని 1822లో రాఫిల్స్ అనే ఇంగ్లీషు దొర రూలు పెట్టాడు, ఆ పద్ధతే మలయా ఊళ్ళన్నిటికీ పాకింది. నడవమని కట్టినదే గానీ జనం ఊరుకుంటారా? ఒకచోట కుట్టు మిషను, ఒకచోట గోడకు ఎర్రటి చిన్న గూడు, అందులో దేవుడు, ముందు నారింజపళ్ళు. ఒక ముసలాయన బనీనుతో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, మేం వెళ్ళడానికి కాళ్ళు మాత్రం వెనక్కి లాక్కున్నాడు. మా అమ్మమ్మగారి వీధి అరుగులన్నీ వరసగా కలిపేసి పైకప్పు వేసినట్టుంది. ఇబ్బందల్లా ఒక్కటే: ఒక్కో ఇంటి నడవ ఒక్కో ఎత్తులో ఉంది. ఎక్కు, దిగు, ఎక్కు. అక్కడక్కడ మోటారు సైకిళ్ళు అడ్డం. వదిన మోకాళ్ళు ఆ రాఫిల్స్‌ను ఏమనుకున్నాయో ఆవిడనే అడగాలి.

పిట్ స్ట్రీట్ అని పాతపేరున్న వీధికి ఒక కొసన 1818 నాటి చర్చి. కాస్త ముందుకు వెళ్తే చైనావాళ్ళ కరుణామయి గుడి. అగరొత్తుల పొగకి కళ్ళు మండాయి. ఇంకాస్త నడిస్తే భారతీయ ముస్లిం వర్తకులు మొదలుపెట్టిన కపితాన్ కెలింగ్ మసీదు. మధ్యలో పక్కవీధికి తిరిగితే 1833 నాటి మహామారియమ్మన్ గుడి. గోపురం కనబడగానే వదినకు ప్రాణం లేచొచ్చింది. పూలమ్మే ఆవిడతో నా వచ్చీరాని తమిళంలో ఊరు విశాఖపట్నం అని చెప్పాను. తన కోడలు తెలుగు పిల్లేనట, పక్క రాష్ట్రం పేరాక్ వైపు తోటల్లో పనికొచ్చిన వాళ్ళ మనవరాలట. కోడలికి తెలుగు వచ్చా అంటే "తిట్టడానికి వచ్చు" అని నవ్వింది. మూర పూలకి ఇంకో చారెడు కలిపి ఇచ్చింది.

లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం. దాని గురించి రాయడానికేం లేదు, సాంబారు బాగుంది.

ఆర్మేనియన్ స్ట్రీట్‌లో గోడమీద సైకిలు పిల్లల బొమ్మ. 2012లో లిథువేనియా చిత్రకారుడు జకరేవిచ్ వేశాడు. సైకిలు నిజంది, పిల్లలు రంగులు. బొమ్మ ముద్దుగానే ఉంది గానీ, ఫోటో కోసం క్యూలో మా ఓడవాళ్ళే సగం. నిలబడబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా సముద్రం ఒడ్డుకి వెళ్తే చ్యూ జెట్టీ. నీళ్ళలో గుంజలు పాతి, పలకలు పరిచి, వాటిమీద చెక్క ఇళ్ళు. ఫుజియాన్ నుంచి వచ్చిన రేవు కూలీలు, పడవలవాళ్ళు ఒక్కో జెట్టీ మీద ఒక్కో ఇంటిపేరు వాళ్ళుగా స్థిరపడ్డారు: చ్యూ, లిమ్, టాన్, లీ. నేలమీద కాదు కాబట్టి భూమి పన్ను లేదంటారు. మా ఆయన తెగ మెచ్చుకున్నారు. ముందువైపు ఇళ్ళన్నీ ఇప్పుడు ఐస్‌క్రీములూ అయస్కాంతం బొమ్మలూ అమ్మే కొట్లు. లోపలికి వెళ్తే తలుపులమీద ఫోటోలు తీయొద్దని బోర్డులు. 2008లో యునెస్కో ఈ ఊరిని వారసత్వ జాబితాలో పెట్టాక, వీళ్ళకి ఇంట్లో అన్నం తినడం కూడా పదిమంది చూసే పనైపోయింది. మేమూ ఆ పదిమందిలోనే కదా అనుకుని, ఫోను సంచిలో పెట్టేశాను. పలకల సందుల్లోంచి బురదనీళ్ళు కనబడుతుంటే వదిన నా చెయ్యి వదల్లేదు.

తిరుగుదారి వెల్డ్ కీ అనే ఒడ్డు రోడ్డు మీదుగా కిలోమీటరు పైనే. నీడ తక్కువ. దారిలో చెండోల్ తాగాం: కొబ్బరిపాలు, బెల్లం, ఆకుపచ్చ పిండితీగలు, ఐసు. అడుగున రాజ్మా గింజలు తేలితే మా ఆయన వాటిని ఏరి నా గిన్నెలో వేశారు.

రేపు ఫుకెట్. అక్కడ ఓడ రేవుకి రాదట, చిన్న పడవల్లో దించుతారట. వదిన ఇప్పుడే చెప్పేసింది: "ఒరే తమ్ముడూ, రేపు మాత్రం నేను ఓడ దిగను. మీ ఆవిడ వెంట నువ్వే నడు."