ఒకే ఫీజు, రెండు లెక్కలు

అమ్మాయి కాలేజీ నుంచి వచ్చిన 1098-టీని, అంటే ఫీజు, స్కాలర్‌షిప్ వివరాలుండే అమెరికా పన్ను కాగితాన్ని, భోజనాల బల్ల మీద పెట్టుకుని ఈ రాత్రి మూడోసారి లెక్క వేశాను: ఫీజు 14,000 డాలర్లు, స్కాలర్‌షిప్ 9,000, మిగిలింది 5,000.

ఆ 5,000తో పాటు వసతికీ భోజనానికీ అయిన 8,000 కూడా నిరుడే 529 ఖాతా నుంచి, అంటే చదువుకు వాడితే రాబడిపై పన్ను పడని పొదుపు ఖాతా నుంచి, తీసేశాను. కాలేజీ ఖర్చుకు పన్నులో తగ్గింపునిచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ పూర్తి 2,500 డాలర్లు రావాలంటే 4,000 డాలర్ల ఫీజును దానికే కేటాయించాలని, ఒకే ఖర్చును రెండు చోట్ల చూపకూడదని, లెక్కల మనిషినని చెప్పుకొనే నాకు అప్పుడు తట్టలేదు.

చివరికి ఆ 4,000ను క్రెడిట్‌కే చూపుతున్నాను. ఖాతా నుంచి అంతమేరకు ఎక్కువ తీసినట్టు అవుతుంది గానీ, అందులోని రాబడి భాగానికే పన్ను పడుతుంది. క్రెడిట్ వల్ల ఏర్పడిన మిగులు కనుక, చదువుకు కాని వాటికి తీస్తే ఆ రాబడిపై పడే 10 శాతం అదనపు పన్ను ఉండదు. డబ్బు నేరుగా అమ్మాయికే వెళ్లింది కాబట్టి ఆ రాబడి ఆమె పన్ను రిటర్నులోకే వస్తుంది.

ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "అయితే ఆ పన్ను నేను కట్టాలా నాన్నా?" అని అడిగింది.