గోడ మీది సి6 హెచ్0

మన జూనియర్ కళాశాల సంచికకు అమెరికా చదువు గురించి రాయమని సంపాదకులు కోరారు. చదువు సంగతి ఎవరైనా చెప్పగలరు కనుక, నేను అక్కడ నాలుగేళ్ళ పాటు రోజూ చూసిన ఒక గోడ గురించి చెబుతాను. కెంటకీ రాష్ట్రంలో డాన్‌విల్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1819లో స్థాపించిన సెంటర్ కాలేజీలో రసాయనశాస్త్రం చదవడానికి చేరిన మొదటి వారంలోనే, ఒక గోడ మీద ‘సి6 హెచ్0’ అని రాసి ఉండడం నా కంటబడింది. బెంజీన్ అంటే సి6హెచ్6 అని ఇక్కడ వల్లె వేసి వెళ్ళినవాణ్ణి కాబట్టి, ఎవరో ఆకతాయి ఆరు హైడ్రోజన్లనూ ఎగరగొట్టాడనుకున్నాను. పక్కనున్న సహాధ్యాయి పడీపడీ నవ్వి, సి అంటే సెంటర్ అనీ, హెచ్ అంటే హార్వర్డ్ అనీ, అది 1921 అక్టోబరు 29 నాటి ఫుట్‌బాల్ పోటీ ఫలితమనీ చెప్పాడు.

ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు; కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్ళను తోసుకుంటూ అవతలి గీత దాటించే ఆట. గీత దాటితే ఆరు పాయింట్లు, ఆ తర్వాత బంతిని గోలు కర్రల మధ్యనుంచి తన్నగలిగితే మరొకటి. అప్పటికి సెంటర్ కాలేజీలో మూడు వందల మంది విద్యార్థులైనా లేరు. శిక్షకుడు చార్లీ మోరాన్ బేస్‌బాల్ పోటీల్లో అంపైరుగా కూడా పనిచేసేవాడు. ఆట మొదలయ్యే ముందు అందరూ కలిసి ప్రార్థన చేసేవారు గనుక వాళ్ళకు ‘ప్రేయింగ్ కర్నల్స్’ అని పేరు వచ్చింది. 1920లో ఈ జట్టు హార్వర్డ్ వెళ్ళి, మొదటి సగం 14–14తో సమానంగా నిలిచి, చివరకు 31–14తో ఓడింది. గెలిచినవాళ్ళు మర్యాదకు ఆటబంతిని ఇవ్వబోతే, సెంటర్ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడు, బో మెక్‌మిలిన్ వద్దన్నాడనీ, వచ్చే ఏడు గెలిచే తీసుకువెళతామన్నాడనీ కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడినవాడి నోట ఆ మాట పొగరుగా వినిపించి ఉండాలి.

మరుసటి ఏడు నిజంగానే వెళ్ళారు. ఇరవై అయిదు పోటీలుగా ఓటమి ఎరుగని హార్వర్డ్ మీద మొదటి సగంలో ఎవరికీ పాయింటు రాలేదు. నాలుగు భాగాల ఆటలో మూడో భాగం మొదట్లో మెక్‌మిలిన్ 32 గజాల దూరం నుంచి బంతి పట్టుకుని, అడ్డుపడినవాళ్ళను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ గీత దాటాడు. అదనపు పాయింటు కోసం తన్నిన బంతి గురి తప్పింది. అది గనక తప్పకపోతే గోడ మీది లెక్క ఏడు అయ్యేది, అప్పుడు నాకు బెంజీన్ గుర్తుకొచ్చేదే కాదు.

ఆ సీజన్‌లో మరికొన్ని పోటీలు పూర్తిగా ఏకపక్షంగా సాగాయి: ట్రాన్సిల్వేనియా అనే కాలేజీ మీద 98–0, కెంటకీ విశ్వవిద్యాలయం మీద 55–0. ఈ అంకెలు చదివేటప్పుడు అవతలి పిల్లల మీద జాలి కలిగిందే తప్ప నాకు గర్వమేమీ కలగలేదు.

అయితే ఆ సీజన్ హార్వర్డ్‌తో ముగియలేదన్న సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. టెక్సస్‌లోని ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఎంఎస్ చదువుతున్న మా బావను చూడడానికి కాలేజ్ స్టేషన్ అనే ఊరు వెళ్ళినప్పుడు, ఆయన నన్ను ఫుట్‌బాల్ మ్యాచ్‌కు తీసుకెళ్ళాడు. విద్యార్థుల గ్యాలరీలో కూర్చోబోతే మోచేయి పట్టుకుని లేపాడు. “ఇక్కడ ఆట అయ్యేదాకా ఎవరూ కూర్చోరురా” అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పుకొచ్చాడు. 1922 జనవరి 2న డల్లాస్‌లో వాళ్ళ జట్టు తమకన్నా ఎంతో బలమైన జట్టుతో తలపడిందట. ఆటగాళ్ళు వరసగా గాయపడి బయటికి వస్తుంటే, జట్టు వదిలి బాస్కెట్‌బాల్‌కు మారిన కింగ్ గిల్ అనే విద్యార్థిని శిక్షకుడు పైనున్న పాత్రికేయుల గదినుంచి కిందికి పిలిపించాడట. అతను గాయపడిన ఆటగాడి దుస్తులు తొడుక్కుని, అవసరమైతే దిగుదామని చివరిదాకా గీత పక్కనే నిలబడ్డాడట. దిగే అవసరం రాలేదు. 22–14తో వాళ్ళే గెలిచారు. ఆ ‘పన్నెండో ఆటగాడి’ గుర్తుగా విద్యార్థులంతా నేటికీ నిలబడే ఆట చూస్తారు.

“ఆ బలమైన జట్టు ఎవరిది బావా?” అన్నాను.

“కెంటకీలో ఏదో చిన్న కాలేజీ. సెంటరో ఏదో.”

మోరాన్ ఒకప్పుడు అదే ఎ అండ్ ఎం జట్టుకు శిక్షకుడిగా ఉన్నాడనీ, మెక్‌మిలిన్‌కు ఆ ఉదయమే పెళ్ళయిందనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం బావకు ఏమీ చెప్పకుండా, మా వాళ్ళు ఓడిపోయినందుకు మూడు గంటలకు పైగా కాళ్ళు లాగుతున్నా నిలబడే ఉన్నాను.